టెక్సస్‌లో రోడ్డు ప్లాన్ల మీద మన మాట నిజంగా చెల్లుతుందా?

"డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాం. దగ్గర్లో హైవే వెడల్పు చేస్తారట. దాని మీద జనాభిప్రాయం అడిగే మీటింగుకి వెళ్తే ఉపయోగం ఉంటుందా?" అని ఒకరు అడిగారు. ఉంటుంది, కానీ ఎప్పుడు వెళ్తున్నారన్నదే అసలు సంగతి.

టెక్సస్ రవాణా శాఖ పదేళ్ల ప్రణాళికను ఏటా సవరిస్తుంది. దాన్ని ఆమోదించేది గవర్నర్ నియమించిన ఐదుగురు సభ్యుల కమిషన్. మన ఓటుతో గెలిచినవాళ్లు కారు కాబట్టి, ఆమోదానికి ముందు అభిప్రాయాలు తీసుకునే గడువే మన అవకాశం. డాలస్ ప్రాంతంలో ఏ పని ముందు, ఏది వెనక అన్నది చాలావరకు స్థానిక ప్రభుత్వాల ప్రాంతీయ మండలి దగ్గరే తేలుతుంది. అక్కడికి మనవాళ్లు వెళ్లడం తక్కువ. బుల్డోజరు వచ్చాక కంగారుపడితే ఏం లాభం?

వెళ్లి "ట్రాఫిక్ ఎక్కువైంది" అంటే ఎవరూ రాసుకోరు. "ఈ మలుపు దగ్గర బడి ఉంది, పిల్లలు దాటడానికి దారి లేదు" అనండి. అది రికార్డుకెక్కుతుంది, జవాబు చెప్పాల్సి వస్తుంది. శబ్దం ఆపే గోడ ప్రతిపాదిస్తే, దాన్ని ఆనుకుని ఉన్న ఇళ్ల యజమానులకు ఓటు కూడా ఉంటుంది.

ఇక డబ్బు. పెట్రోలుపై రాష్ట్ర పన్ను 1991 నుంచీ గ్యాలన్‌కి 20 సెంట్లే. అది చాలక 2014లో చమురు, గ్యాస్ ఉత్పత్తి మీద వేసే పన్నుల్లో కొంత, 2015లో అమ్మకపు పన్నులో కొంత రోడ్లకు మళ్లించారు. రెండూ రాజ్యాంగ సవరణలే, ప్రజలు ఓటేసి ఒప్పుకున్నవే. ఆ సొమ్ముతో టోల్ రోడ్లు వేయకూడదు.