యుద్ధాల గురించి మాట్లాడుకునే ముందు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఆదివారం సాయంత్రాలు స్నేహితులంతా కూర్చుని ప్రపంచ రాజకీయాల గురించి లోతుగా మాట్లాడుకోవాలనుకుంటున్నామని, ఎలా మొదలుపెట్టాలో చెప్పమని రాశావు. చాలా సంతోషం కలిగింది. కళాశాలలో రాజనీతిశాస్త్రం చెప్పినన్నాళ్లూ, తర్వాత మా ఇంటి వరండాలోనూ నేను చేసిన పని అదే. ఉక్రెయిన్ అన్నా, గాజా అన్నా, తైవాన్ అన్నా పది నిమిషాలు గడవకముందే ‘ఇంతకీ నువ్వు ఎవరి పక్షం?’ అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న వచ్చాక ఎవరూ కొత్త విషయం నేర్చుకోరు. దాన్ని వీలైనంత ఆలస్యంగా రానివ్వడమే మీ పని.

ఒక దేశం ఒక పని ఎందుకు చేసిందో వివరించడం వేరు, ఆ పని న్యాయమని ఒప్పుకోవడం వేరు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే చర్చలు చెడిపోతాయి. రష్యా భయాలు ఇవీ అని ఒకరు మొదలుపెట్టగానే ‘అయితే యుద్ధాన్ని సమర్థిస్తున్నావా?’ అని మరొకరు అడ్డుపడతారు. చెబుతున్నవారికి రోషం వస్తుంది. అప్పటిదాకా వివరిస్తున్నవారు కాస్తా నిజంగానే సమర్థించడం మొదలుపెడతారు. అందుకే సాయంత్రాన్ని రెండు భాగాలు చేయండి. మొదటి గంటలో తీర్పులు వద్దు. ఏం జరిగింది, ఎవరికి ఎలా కనిపించింది అన్నంత వరకే మాట్లాడండి. మంచిచెడ్డలు రెండో గంటలో తేల్చుకోవచ్చు.

ఉక్రెయిన్‌నే తీసుకో. అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో 1999లోనూ 2004లోనూ తూర్పుకు విస్తరించడం, ఉక్రెయిన్, జార్జియా ఎప్పటికైనా సభ్యదేశాలవుతాయని 2008లో బుకారెస్ట్ సమావేశంలో ప్రకటించడం మొదటి గంటలో రావాలి. 1994 నాటి బుడాపెస్ట్ పత్రం కూడా రావాలి. తన నేల మీద మిగిలిన సోవియట్ అణ్వాయుధాలను వదులుకుంటున్న ఉక్రెయిన్‌కు, దాని సరిహద్దులను గౌరవిస్తామని ఆ పత్రంలో రష్యా, అమెరికా, బ్రిటన్ మాట ఇచ్చాయి. ఇరవై ఏళ్లకే రష్యా క్రిమియాను కలిపేసుకుంది. కొందరు నాటో దగ్గరే ఆగిపోతారు, కొందరు బుడాపెస్ట్ దగ్గరే ఆగిపోతారు. మీరు రెండూ చదవండి. రెండో గంటలో నన్ను అడిగితే, 2022 ఫిబ్రవరిలో మొదలైన దాడి ఇతర దేశాలపై బలప్రయోగాన్ని నిషేధించే ఐక్యరాజ్యసమితి చార్టర్ రెండో అధికరణానికి పూర్తిగా విరుద్ధమని సందేహం లేకుండా చెబుతాను. వెంటనే, భద్రతామండలి అనుమతి లేకుండా 2003లో అమెరికా ఇరాక్ మీద చేసిన దాడిని కూడా అదే అధికరణంతో కొలవమంటాను.

గాజా విషయంలో ఈ పద్ధతి పాటించడం మరీ కష్టం, మరీ అవసరం. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, సుమారు 250 మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఆ తర్వాత ఇజ్రాయెల్ దాడుల్లో గాజాలో పదుల వేల మంది చనిపోయారు, వారిలో పసిపిల్లలెందరో ఉన్నారు. ఈ రెండింటిలో ఒకదాన్ని మాత్రమే నోటితో చెప్పగలిగేవారు ఇంకా చర్చకు సిద్ధం కాలేదని నా అభిప్రాయం. ఎవరు ఏ సంవత్సరం నుంచి కథ మొదలుపెడుతున్నారో కూడా గమనిస్తూ ఉండు. ఒకరు ఇజ్రాయెల్ ఏర్పడిన 1948 అంటారు, ఒకరు అది గాజా, వెస్ట్ బ్యాంక్‌లను ఆక్రమించిన 1967 అంటారు, ఒకరు 2023 అంటారు. చాలాసార్లు తగువంతా ఆ సంవత్సరాన్ని ఎంచుకోవడంలోనే ఉంటుంది.

మన ఊళ్లో పుట్టినవారికి ఒక వరం ఉంది. ఇలాంటి విషయాలు పుస్తకంలోనే కాదు, రామకృష్ణా బీచ్‌లోనూ కనిపిస్తాయి. అక్కడి కుర్సురా జలాంతర్గామిలోకి చిన్నప్పుడు ఎన్నిసార్లో వెళ్లి ఉంటావు. అది సోవియట్ యూనియన్‌లో తయారై, 1969 డిసెంబర్‌లో రీగా రేవులో మన నౌకాదళంలో చేరింది. ఆ రీగా ఇప్పుడు లాత్వియా రాజధాని, లాత్వియా 2004 నుంచి నాటో సభ్యదేశం. ప్రపంచ క్రమం మారడమంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ దగ్గర్లోనే ఉన్న విజయ స్మారకం 1971 యుద్ధానిది. ఆ డిసెంబర్ 3 అర్ధరాత్రి మన తీరానికి చేరువలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అసలు అమెరికాలో తయారైనది, అమెరికా నుంచి అద్దెకు తెచ్చుకున్నది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వదిలిన పేలుడు పదార్థాల వల్ల అది మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. తాను పరుస్తున్న మందుపాతర వల్లనో, లోపల జరిగిన పేలుడు వల్లనో మునిగిందని పాకిస్తాన్ వైపు వాదన. మన కళ్ల ముందే, మన ఊరి సముద్రంలోనే జరిగిన దానికి రెండు కథనాలు ఉన్నప్పుడు, ఎక్కడో తూర్పు ఉక్రెయిన్‌లోని డాన్‌బాస్‌లో నిన్న రాత్రి ఏం జరిగిందో ఫోనులో వచ్చిన ఒక్క వీడియో చూసి తేల్చేయడం ఎంత తొందరపాటో ఆలోచించు. మీ మొదటి సమావేశాల్లో ఒకదాన్ని ఘాజీకి కేటాయించండి. మన దేశం మీద అభిమానం ఉంచుకుంటూనే అవతలివారి వాదనను వక్రీకరించకుండా చెప్పగలగడానికి అంతకన్నా మంచి అభ్యాసం లేదు. పాకిస్తాన్ వాదన చెప్పే బాధ్యత మీలో దేశభక్తి ఎక్కువని పేరున్నవారికే అప్పగించండి.

బహుళ ధ్రువ ప్రపంచం, డాలర్ పతనం, అమెరికా పని అయిపోయింది, చైనా శతాబ్దం వచ్చేసింది లాంటి పెద్ద మాటలు వినిపించినప్పుడు చర్చను వస్తువుల మీదకు దించు. నౌక ఎవరిది, సరుకు ఎవరిది, ఏ కరెన్సీలో చెల్లిస్తున్నారు, బీమా ఎవరు చేశారు? రష్యా చమురు బ్యారెల్ 60 డాలర్లకు మించిన ధరకు అమ్ముడైతే ఆ రవాణాకు తమ కంపెనీలు బీమా చేయకూడదని 2022 డిసెంబర్‌లో అమెరికా, బ్రిటన్, జపాన్ వంటి సంపన్న దేశాల కూటమి జీ7 నిర్ణయించింది. ఒక్క తుపాకీ పేలకుండా చేయాలనుకున్న యుద్ధం అది. రష్యా పాత ట్యాంకర్లను పోగుచేసుకుని వేరే బీమాతో నడిపింది. యుద్ధానికి ముందు రెండు శాతం కూడా లేని రష్యా చమురు మన చమురు దిగుమతుల్లో మూడో వంతు దాటింది. ఆ కొనుగోళ్లనే కారణంగా చూపి, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులు చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. ఆ దెబ్బ ముందుగా తగిలినవారిలో భీమవరం వైపు రొయ్యల రైతులూ, మన రేవు నుంచి రొయ్యలు పంపేవారూ ఉన్నారు. మాస్కో, వాషింగ్టన్, భీమవరం ఒకే తీగకు ఎలా కట్టి ఉన్నాయో ఈ ఒక్క ఉదాహరణతో మూడు ఆదివారాలు మాట్లాడుకోవచ్చు.

మారని వాటినీ చూడండి. ఐక్యరాజ్యసమితి 51 దేశాలతో మొదలై ఇప్పుడు 193 దేశాలైంది. భద్రతామండలిలో శాశ్వత స్థానాలు మాత్రం 1945లోనూ ఐదే, నేడూ ఐదే. అంతర్జాతీయ ద్రవ్యనిధిలో ముఖ్యమైన నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఒక్కదాని దగ్గరే 16 శాతానికి పైగా ఉన్నాయి కాబట్టి అది కాదంటే పని జరగదు. మనమూ, రష్యా, చైనాలూ ఉన్న బ్రిక్స్ కూటమిలో 2024లో ఈజిప్టు, ఇథియోపియా, ఇరాన్, యూఏఈ, 2025లో ఇండోనేషియా చేరాయని ఉత్సాహపడేవారికి ఈ లెక్క కూడా గుర్తుచేయి. పాత క్రమం శాశ్వతమనేవారికి మన సముద్రాన్నే చూపించు. 2018లో రష్యా నౌకాదళం, 2020లో అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా నౌకాదళాలు మన తీరం దగ్గరి సముద్రంలో మనతో కలిసి విన్యాసాలు చేశాయి. ఇది అవకాశవాదమా, తెలివైన విదేశాంగ విధానమా అన్నది రెండో గంటకు మంచి ప్రశ్న. నేనైతే తెలివే అంటాను. కానీ 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో 141 దేశాలు ఉక్రెయిన్‌పై రష్యా దాడిని ఖండించినప్పుడు ఓటు వేయకుండా ఉండిపోయిన 35 దేశాల్లో మనమూ ఉన్నాం. దాని వెల ఏమిటో కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి.

ఆరుగురో ఎనిమిదిమందో చాలు. అంతకన్నా ఎక్కువైతే మాట్లాడటం పోయి ఉపన్యాసాలు మొదలవుతాయి. ఒక సాయంత్రానికి ఒకే ప్రశ్న. చార్టర్, ఒప్పందం, తీర్మానం ఏదైనా, ముందు ఒకరు దాని అసలు పాఠం పైకి చదవాలి. ఐక్యరాజ్యసమితి చార్టర్ యాభై ఒకటో అధికరణంలో ఆత్మరక్షణ గురించి ఏముందో చదివాక, దాన్ని అడ్డం పెట్టుకోని యుద్ధం ఎంత అరుదో మీకే తెలుస్తుంది.

మనుషుల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. నౌకాదళంలో చేసి వచ్చినవారు మీ మధ్య తప్పకుండా ఉంటారు. చరిత్ర అడగండి, ఉద్యోగ విషయాలు అడగవద్దు, వారంతట వారు చెప్పబోయినా ఆపండి. ఉక్రెయిన్‌లో వైద్యవిద్య సగంలో వదిలి 2022లో తిరిగివచ్చిన పిల్లలు, వ్యాపార నౌకల్లో పనిచేసేవారి భార్యలు, గల్ఫ్‌లో అన్నదమ్ములున్నవారు కూడా వస్తారు. వారి ముందు క్షిపణుల దూరాలూ వేగాలూ ముచ్చటగా చెప్పుకోవద్దు. వారు మాట్లాడితే మధ్యలో సరిదిద్దవద్దు. విశ్లేషణ ఆ తర్వాత కూడా చేసుకోవచ్చు.

మొదటి ఆదివారానికి ఎర్ర సముద్రం తీసుకోండి. 2023 నవంబర్ నుంచి యెమెన్‌లోని హౌతీ సాయుధుల దాడులతో నౌకలు సూయెజ్ కాలువ వదిలి ఆఫ్రికా దక్షిణ కొస చుట్టూ తిరిగి వెళ్లాయి, ప్రయాణం పది రోజులకు పైగా పెరిగింది. 1967 నుంచి 1975 దాకా సూయెజ్ పూర్తిగా మూతపడినప్పుడు ఏం జరిగిందో పక్కన పెట్టి పోల్చండి. గోడకు పెద్ద పటం ఉండాలి, ఫోను తెర చాలదు. నా అట్లాసు మీ నాన్నతో పంపిస్తున్నాను. ఎవరు వాదనను ఏ సంవత్సరంలో మొదలుపెట్టారో ఒక కాగితం మీద రాసి నాకు పంపించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ