జర్మనీలో ఫుట్‌బాల్: టికెట్ కన్నా ముందు ఫెరైన్ సంగతి

జర్మనీలో దిగిన కొత్తలో మనవాళ్లు అడిగే మొదటి సందేహం బయర్న్ మ్యూనిక్ మ్యాచ్‌కి టికెట్ ఎలా దొరుకుతుందని. పిల్లలు ఉన్నవాళ్లది ఇంకో సందేహం: మావాడికి ఏడేళ్లు, మంచి ఫుట్‌బాల్ అకాడమీ ఎక్కడుంది, ఫీజెంత? రెండింటికీ జవాబు ఒక్క చోటే ఉంది. ఇక్కడివాళ్లు దాన్ని ఫెరైన్ అంటారు.

ఫెరైన్ అంటే కోర్టులో నమోదైన సంఘం. సభ్యులుంటారు, ఎన్నికైన కార్యవర్గం ఉంటుంది, సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి ఓట్లేస్తారు. మన ఊళ్లో రిజిస్టరు చేయించిన యువజన సంఘానికి మైదానం, ఫ్లడ్‌లైట్లు, చిన్న క్యాంటీన్ ఉన్నాయనుకోండి, అదే. బయర్న్ మ్యూనిక్ కూడా మూలంలో ఇదే. దాని సభ్యులు 4 లక్షల పైమాటే. పెద్ద క్లబ్బులు 1998 నుంచి ఆట విభాగాన్ని కంపెనీగా మార్చుకోవచ్చు, కానీ ఓట్లలో సగానికి మించిన వాటా ఫెరైన్ చేతిలోనే ఉండాలి. దీన్నే 50+1 నియమం అంటారు. లేవర్కూసెన్, వోల్ఫ్స్‌బుర్గ్ లాంటి కొద్ది మినహాయింపులున్నాయి. లీగ్‌లోకి బయటి పెట్టుబడిదారుణ్ణి తెస్తామంటే 2024 ఫిబ్రవరిలో అభిమానులు మైదానాల్లోకి టెన్నిస్ బంతులు విసిరి ఆటలు ఆపేశారు. ఆ నెలలోనే లీగ్ ఆ ఆలోచన మానుకుంది. స్టాండ్లలో కూచునేవాడు ప్రేక్షకుడే కాదు, చాలాసార్లు ఓటరు కూడా.

లీగుల మెట్ల వరస త్వరగా చెప్పేస్తాం. పైన బుండెస్‌లీగా, 1963లో మొదలైంది, 18 జట్లు, 34 ఆటలు. దాని కింద రెండో బుండెస్‌లీగా, అక్కడా 18. ఈ రెంటినీ క్లబ్బుల ఉమ్మడి సంస్థ డీఎఫ్ఎల్ నడుపుతుంది. 20 జట్ల మూడో లీగా దేశ సమాఖ్య డీఎఫ్‌బీది. నాలుగో మెట్టులో ఐదు ప్రాంతీయ లీగులు, ఆ కింద జిల్లా స్థాయి క్రైస్‌లీగా దాకా దిగుతూనే పోవచ్చు. బుండెస్‌లీగాలో చివరి రెండు జట్లు నేరుగా దిగిపోతాయి. 16వ జట్టు కింది లీగులో మూడోదానితో రెండు ఆటలాడి స్థానం నిలబెట్టుకోవాలి. ఆ రెండు ఆటల వేడి ముందు టైటిల్ పోరు చాలా ఏళ్లు చప్పగా ఉంటుంది.

ఇప్పుడు టికెట్లు. పెద్ద క్లబ్బుల్లో ముందు సభ్యులకు అమ్ముతారు, మిగిలితేనే బయటివాళ్లకు. కాబట్టి ఏడాది చందా కట్టి సభ్యత్వం తీసుకోవడమే దారి, అప్పుడు కూడా పెద్ద ఆటలకు లాటరీయే. దొరక్కపోతే క్లబ్బు వెబ్‌సైటులోనే ఉండే అధికారిక పునర్విక్రయ పేజీ చూడండి. బయటి సైట్లలో మూడింతలు పెట్టి కొన్నది గేటు దగ్గర చెల్లకపోతే ఎవరూ జవాబు చెప్పరు, ఎందుకంటే అలా అమ్మిన టికెట్లను రద్దు చేసే హక్కు క్లబ్బు తన షరతుల్లోనే రాసుకుంటుంది.

నిలబడి చూసే టికెట్ 15–20 యూరోల దగ్గర్లో దొరుకుతుంది. డోర్ట్‌ముండ్ దక్షిణ స్టాండులో దాదాపు 25 వేలమంది నిలబడే చూస్తారు. అక్కడికి వెళ్లేటప్పుడు ఎదుటి జట్టు రంగు చొక్కా మాత్రం వద్దు, సెక్యూరిటీ వెనక్కి పంపుతారు. ఏ4 కాగితం కన్నా పెద్ద బ్యాగు చాలా చోట్ల లోపలికి రానివ్వరు. టికెట్ మీద సన్న అక్షరాలు చదవండి: ఆ రోజు సిటీ బస్సు, ట్రామ్ ప్రయాణం చాలా క్లబ్బుల్లో అందులోనే కలిసి ఉంటుంది, ఎన్ని గంటలకు, ఏ జోన్ దాకా అన్నది అక్కడే రాసి ఉంటుంది. దూరప్రాంతాలకు పోయే ఐసీఈ రైలుకు అది పనికిరాదు. బీరో కోలాయో తాగిన గ్లాసు పారేయకండి. దాని మీద డిపాజిట్ కట్టారు, కౌంటర్లో ఇస్తే తిరిగొస్తుంది.

టీవీలో చూడాలంటే చిక్కే: ఆటలు స్కై, డాజోన్ అనే రెండు చందా ఛానెళ్ల మధ్య పంచుకుని ఉన్నాయి. ఇప్పటి ఒప్పందం ప్రకారం శుక్రవారం, శనివారం విడివిడి ఆటలు స్కైలో, శనివారం మధ్యాహ్నం ఆటలన్నీ కలిపి చూపే కాన్ఫరెన్సు, ఆదివారం ఆటలు డాజోన్‌లో. రెండూ కట్టడం కొత్తగా వచ్చినవాళ్లకు దండగ. ఇంటికి నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము ఎలాగూ కడతారు. దాని కిందే ప్రజా ప్రసార ఛానెల్ ఏఆర్‌డీలో శనివారం సాయంత్రం స్పోర్ట్‌షౌ సారాంశాలు, మధ్యాహ్నం 3:30 ఆటలకు రేడియో వ్యాఖ్యానం వస్తాయి. జర్మన్ చెవికెక్కాలంటే ఆ రేడియోని మించిన పాఠం లేదు.

అసలు సంగతి పిల్లలది. అకాడమీ వెతకకండి, ఇంటికి దగ్గరి ఫెరైన్‌కి ఈమెయిల్ రాసి ప్రోబె ట్రైనింగ్, అంటే పరీక్షగా ఒకటి రెండు సార్లు ఆడనివ్వమని అడగండి. వర్గాలు పుట్టిన సంవత్సరం బట్టి: జనవరిలో పుట్టినా డిసెంబరులో పుట్టినా ఒకే జట్టు. కొత్త సీజన్ జులై 1న మొదలవుతుంది. అతి చిన్నవాళ్లు బాంబీనీ, ఆపైన ఎఫ్, ఈ, డీ అని అక్షరాలు వెనక్కి నడుస్తాయి. 2024–25 నుంచి చిన్న వర్గాల్లో ఆట పద్ధతే మారింది. బాంబీనీలో ఇద్దరికిద్దరు, ముగ్గురికి ముగ్గురు. మైదానానికి రెండు వైపులా రెండేసి చిన్న గోల్‌పోస్టులు, గోల్‌కీపర్ లేడు. చిన్న చిన్న ఆటలు. గెలిచినవాళ్లు పక్క మైదానానికి ఒక మెట్టు పైకి, ఓడినవాళ్లు ఒక మెట్టు కిందికి జరుగుతారు, అందుకే మూడో ఆటకల్లా సమఉజ్జీలే ఎదురవుతారు. పాయింట్ల పట్టిక ఉండదు. ‘మావాడి ర్యాంకెంత’ అని కోచ్‌ని అడక్కండి. పక్కనుంచి కేకలేసి నేర్పడం కూడా వద్దు, తల్లిదండ్రులు గీతకు దూరంగా నిలబడాలి.

నగరాల్లో వెయిటింగ్ లిస్టు ఉంటుంది. కొరత మైదానానిదే కాదు, కోచ్‌లది కూడా. వాళ్లలో ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు ఉచితంగా వచ్చేవాళ్లే. అమ్మో నాన్నో సహాయ కోచ్‌గా ఉంటామంటే తలుపు త్వరగా తెరుచుకుంటుంది. దానికి పోలీసు రికార్డు ధ్రువపత్రం ఒకటి అడుగుతారు. చేర్చుకున్నాక జెర్సీలు ఉతకడం, దూరపు ఆటలకు కార్లో పిల్లల్ని తీసుకెళ్లడం, టోర్నీ రోజు కేకు తేవడం వంతులవారీగా పడతాయి. రవ్వ కేసరి పట్టుకెళ్లినా అమ్ముడవుతుంది, అందులో ఏమున్నాయో చీటీ పెట్టండి చాలు.

బూట్లు ముందే కొనకండి. కృత్రిమ పచ్చికైతే లోహపు స్టడ్లు నిషేధం, చలికాలం హాల్లో నేల మీద గీతలు పడని సోలు కావాలి. షిన్ గార్డులు మాత్రం మొదటి రోజు నుంచే తప్పనిసరి.

ఎక్కువమంది ఇరుక్కునేది ష్పీలర్‌పాస్, అంటే ఆటగాడి అనుమతి పత్రం, దగ్గర. అది లేకుండా అధికారిక ఆట ఆడరాదు. విదేశం నుంచి వచ్చిన పిల్లలకు పదేళ్లు నిండితే ఫీఫా నియమాలు వర్తిస్తాయి. కుటుంబం ఫుట్‌బాల్ కోసం వలస రాలేదని చూపించాలి. జనన ధ్రువపత్రం, అందరి పాస్‌పోర్టులు, నివాస నమోదు కాగితం, ఉద్యోగ ఒప్పందం సిద్ధంగా ఉంచుకోండి. మనవాళ్లకు ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొట్టి అక్షరంగా ఉంటుంది. ఫారం వెనక్కి రావడానికి అదొక్కటి చాలు. పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. పెద్దవాళ్లయినా ఇండియాలో నమోదైన క్లబ్బుకి ఆడి ఉంటే ఫారంలో దాచకండి, అక్కడి సమాఖ్య అనుమతి రావడానికి వారాలు పట్టినా సరే. అర్హత లేని ఆటగాణ్ణి దించితే జట్టు పాయింట్లు పోతాయి.

ఊరు మారేటప్పుడు రెండు కాగితాలు వేరువేరుగా పంపాలి. సభ్యత్వ రద్దు ఒకటి, క్యూండిగుంగ్. ఎన్ని వారాల ముందు ఇవ్వాలో సంఘం నిబంధనల్లో ఉంటుంది, చాలా చోట్ల అర్ధ సంవత్సరం చివరికో ఏడాది చివరికో తప్ప చెల్లదు, అందాకా చందా ఖాతాలోంచి పోతూనే ఉంటుంది. ఆటగాడిగా వైదొలగడం, ఆప్‌మెల్డుంగ్, రెండోది. పెద్దల జట్లలో దీన్ని జూన్ 30 లోపు పంపి కొత్త క్లబ్బు ఆగస్టు 31 లోపు దరఖాస్తు పెట్టాలి. చలికాలంలో ఆ తేదీలు డిసెంబరు 31, జనవరి 31. పిల్లలకు తేదీలు ప్రాంతీయ సమాఖ్యను బట్టి కొంత మారతాయి, కొత్త కోచ్‌ని ముందే అడిగి, పాత క్లబ్బుకి పంపిన ఉత్తరం రసీదు దాచుకోండి.