ఆప్ ఆర్ట్ బొమ్మలు కదులుతున్నట్టు ఎందుకు కనిపిస్తాయి?

ఆప్ ఆర్ట్ అంటే గీతలు, గళ్లు లాంటి ఆకారాలతో కంటిని భ్రమపెట్టే చిత్రకళ. అందులో బొమ్మ ఇసుమంతైనా కదలదు, కదిలేవి మన కళ్లు, ఆ కదలికని మెదడు బొమ్మకి అంటగడుతుంది.

ఒకేచోట చూస్తున్నామని అనుకున్నా కనుగుడ్డు సన్నగా అదురుతూనే ఉంటుంది. మామూలుగా మెదడు దాన్ని సర్దేస్తుంది కాబట్టి గోడ గోడలాగే కుదురుగా ఉంటుంది. కానీ నలుపు తెలుపు గీతలు ఒకే తీరులో దగ్గర దగ్గరగా ఉంటే, ఆ కాస్త అదురుకే ప్రతి అంచు దగ్గరా నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది, కదలికని పసిగట్టే నాడీకణాలు బొమ్మే కదిలిందన్నట్టు స్పందిస్తాయి. నెల్లూరు ట్రంకు రోడ్డులో దించేసిన షాపు షట్టర్ని దగ్గర నుంచి కాసేపు చూడండి, ఆ అడ్డగీతలు కూడా అలాగే అల్లాడతాయి.

బ్రిటిష్ చిత్రకారిణి బ్రిడ్జెట్ రైలీ 1961లో వేసిన ‘మూవ్‌మెంట్ ఇన్ స్క్వేర్స్’ చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. చదరంగం బల్లలా నలుపు తెలుపు గళ్లు, అంతే. గళ్ల ఎత్తు ఎక్కడా మారదు, వెడల్పు మాత్రం మధ్యకి కాస్త కుడిగా వెళ్లేకొద్దీ తగ్గిపోయి, సన్నటి గీతలై, మళ్లీ విచ్చుకుంటుంది. ఇరుకయ్యేది దూరంగా ఉందని మెదడుకి అలవాటు కాబట్టి చదునైన బోర్డు లోపలికి మడత పడినట్టు అనిపిస్తుంది. ఇంత తక్కువ సరంజామాతో అంత పని చేయడం నిజంగా గొప్ప సంగతి!

చాలామంది ఇది చూపులో లోపమని టెన్షన్ పడతారు. కాదు, ఆరోగ్యంగా ఉన్న కళ్లకి కూడా ఇలాగే కనిపిస్తుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లకి మాత్రం ఇలాంటి గీతలు ఇబ్బంది పెట్టొచ్చు, వాళ్లు ఎక్కువసేపు చూడకపోవడం మంచిది.