గట్‌బకెట్ బ్లూస్ అంటే పేగుల బకెట్ కాదండీ

ఒక ఆల్బమ్ రివ్యూని తెలుగు చేస్తుంటే గట్‌బకెట్ బ్లూస్ అనే మాట తగిలిందని, డిక్షనరీ చూస్తే పేగులు, బకెట్ తప్ప ఏమీ దొరకలేదని అడిగారు కదా. విడదీసి చూస్తే అర్థం రాదు. బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివాళ్ళ కష్టసుఖాల పాటల్లోంచి పుట్టిన సంగీతం. గట్‌బకెట్ అనేది ఆ సంగీతకారుల వాడుకలోంచి వచ్చిన మాట, నునుపు చేయకుండా, గొంతు బొంగురుగా, లోపలి నుంచి తన్నుకొచ్చినట్టు పాడే లేదా వాయించే మొరటు బ్లూస్‌ని అలా అంటారు, తొలినాటి జాజ్ సంగీతానికి కూడా వాడతారు. చౌకబారు సారా కొట్లలో పీపాల కింద కారే చుక్కలు పట్టే బకెట్ నుంచి ఈ పేరు వచ్చిందని కొందరు, పంది పేగులు వేసే బకెట్ నుంచి అని ఇంకొందరు అంటారు.

జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు, గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన హాట్ ఫైవ్ బృందంతో 1925 నవంబరులో షికాగోలో రికార్డు చేసిన ‘గట్ బకెట్ బ్లూస్’ ఒక్కసారి వినండి. ఒక్కొక్కరు సోలో వాయిస్తుంటే ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్ళని పేరు పెట్టి పిలిచి మరీ ఉత్సాహపరుస్తుంటాడు, బృందంలోని కిడ్ ఓరీ వాయించే ట్రాంబోన్ (పొడవాటి ఇత్తడి బాకా) దగ్గరకి వచ్చేసరికి ఈ మాటేంటో చెవికే తెలిసిపోతుంది.

రివ్యూలో ఇది తిట్టు కాదు, మెచ్చుకోలు, కాబట్టి ‘నాసిరకం’ అని మాత్రం దయచేసి రాయకండి. నేనైతే ‘నాటు బ్లూస్’ అంటాను. ఒక్క జాగ్రత్త: తొట్టి బోర్లించి, కర్రకి ఒకే తీగ కట్టి వాయించే బేస్ (మంద్ర స్వరాల) వాయిద్యాన్ని కూడా గట్‌బకెట్ అనే అంటారు, మీ వాక్యంలో ఎవరైనా దాన్ని ‘వాయించారు’ అని ఉంటే అది వాయిద్యమే కావచ్చు.