దద్దు చుట్టూ పెన్నుతో గీత గీసి టైమ్ రాసుకోండి

ఐదు నెలలుగా దద్దుర్లు, అలర్జీ మాత్రలకు లొంగట్లేదు, రక్తపరీక్షలో దేనికీ అలర్జీ లేదని వచ్చింది, ఇంకేం చేయాలి అని అడిగారు. ఇంతవరకూ చాలామందికి జరిగేదే. కానీ మధ్యలో ఒక మాట రాశారు చూడండి, "ఒక్కోటి రెండు మూడు రోజులు ఉండి, పోయాక కమిలినట్టు మచ్చ మిగులుతోంది" అని, అది చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. నాకూ అచ్చం అలాగే మొదలైంది. నేను డాక్టర్‌ని కాదు, కానీ నాకు వచ్చింది అర్టికేరియల్ వాస్క్యులైటిస్ అనే జబ్బు, ఆ పేరు తెలియకుండానే పదకొండు నెలలు తిరిగాను.

మామూలు దద్దు కొన్ని గంటలే ఉంటుంది. సాధారణంగా 24 గంటల్లోపు ఆనవాలు కూడా లేకుండా పోతుంది, ఈలోపు ఇంకోచోట కొత్తది లేస్తుంది. అందుకని ఒంటి మీద ఎప్పుడూ ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. డాక్టర్ "ఎంతసేపు ఉంటున్నాయి?" అని అడిగితే "ఎప్పుడూ ఉంటూనే ఉన్నాయండీ" అంటాం. నేనూ అదే చెప్పాను. ఆయన అడిగింది ఒక్కో దద్దు గురించి, నేను చెప్పింది జబ్బు మొత్తం గురించి. దాంతో మాత్రల డోసు పెంచుకుంటూ పోవడమే తప్ప ముందుకు కదల్లేదు.

తర్వాత వెళ్లిన స్కిన్ డాక్టర్ ఒక్కటే పని చెప్పారు. కొత్తగా లేచిన దద్దు చుట్టూ పెన్నుతో గీసి, పక్కన టైమ్ రాసి, రోజూ ఫోటో తీయమన్నారు. నేను తొడ మీద ఒకదాని చుట్టూ మంగళవారం రాత్రి తొమ్మిదింటికి గీశాను. గురువారం పొద్దున స్నానానికి గీత సగం చెరిగిపోయింది కానీ దద్దు మాత్రం కదల్లేదు, పైగా మధ్యలో ఊదారంగుకి తిరిగింది. గాజు గ్లాసు పెట్టి నొక్కితే చుట్టూ ఎరుపు పోయింది, ఆ మధ్య రంగు పోలేదు. అంటే రక్తం నాళంలోంచి చర్మంలోకి కారిందన్నమాట. దురద కంటే మంట ఎక్కువ, వేడినీళ్లు పడ్డచోట ఉన్నట్టు. ఆ ఫోటోలు చూసిన వెంటనే బయాప్సీ అన్నారు.

బయాప్సీ అంటే నాకు చాలా టెన్షన్ వేసింది, మీకూ వేస్తుంది. నిజానికి నొప్పి అంటూ ఉంటే అది మత్తు ఇంజెక్షన్‌దే. నాలుగు మిల్లీమీటర్ల చిన్న ముక్క తీసి ఒక కుట్టు వేశారు. పాతబడి మచ్చగా మారిన చోట తీస్తే అసలు మార్పులు దొరక్కపోవచ్చు, కాబట్టి కొత్త దద్దు ఉన్నప్పుడే రమ్మంటారేమో అడగండి. నా రిపోర్ట్‌లో చిన్న రక్తనాళాల గోడల్లో వాపు ఉందని వచ్చింది. దీన్నే అర్టికేరియల్ వాస్క్యులైటిస్ అంటారు. పైకి దద్దుర్లలాగే ఉంటుంది, లోపల జరిగేది వేరు, అందుకే ఐజీఈ అనే యాంటీబాడీని చూసే అలర్జీ పరీక్షల్లో ఇది దొరకదు. ఆ పరీక్షలు చూసుకుని నేను తినేవి ఒక్కొక్కటే మానేసి మనిషినే చిక్కిపోయాను. మీరు దయచేసి ఆ పని చేయకండి.

మీది కూడా ఇదే అని నేను అనట్లేదు. బెల్టు, బ్యాగు పట్టీ లాంటివి ఒత్తుకున్న చోట కొన్ని గంటల తర్వాత లేచే దద్దుర్లు కూడా ఒక రోజుకి మించి ఉంటాయి. మీవి ఎక్కడ వస్తున్నాయో కూడా గమనించండి.

ఇదే అని తేలితే సీ3, సీ4 అనే కాంప్లిమెంట్ (రక్తంలోని రోగనిరోధక ప్రోటీన్లు) పరీక్షలు, సొంత కణాల మీదే పనిచేసే యాంటీబాడీలను చూసే ఏఎన్ఏ, మూత్రపరీక్ష చేయించమంటారు. కాంప్లిమెంట్ తగ్గి ఉంటే లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) ఉందా, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు బాగున్నాయా అని చూడాలి. కీళ్లనొప్పులు, జ్వరం, కడుపునొప్పి, కళ్లు ఎర్రబడటం లాంటివి ఉంటే, చర్మానికి సంబంధం లేదనిపించినా, తప్పకుండా చెప్పండి. నావి నార్మల్‌గానే వచ్చాయి.

మందుల విషయానికొస్తే స్టెరాయిడ్‌తో నాలుగు రోజుల్లో ఒళ్లంతా శుభ్రమైంది, డోసు తగ్గించగానే మళ్లీ వచ్చాయి. తర్వాత హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మాత్ర మొదలుపెట్టారు. అది నెమ్మదిగా పనిచేస్తుంది, నాకు మూడో నెలలో గానీ తేడా తెలియలేదు, కంటి పరీక్ష కూడా చేయించుకుంటూ ఉండాలి. కొందరికి డాప్సోన్ అనే మందు ఇస్తారు, దానికి ముందు జీ6పీడీ (ఎర్రరక్తకణాలను కాపాడే ఎంజైమ్) పరీక్ష చేయించాల్సిందే. ఏది మీకు సరిపడుతుందో డాక్టరే చెప్పాలి. స్టెరాయిడ్ మాత్రం సొంతంగా మొదలుపెట్టడం, వారాల తరబడి వాడుతున్నది ఒక్కసారిగా ఆపేయడం, రెండూ వద్దు. పెదవులో నాలుకో వాచినా, ఊపిరి ఆడకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇప్పుడు ఒంటి మీద కొత్తది ఏదైనా ఉంటే ముందు దాని చుట్టూ గీసేయండి. రేపు ఇదే టైమ్‌కి మళ్లీ చూడండి.