తీసేసిన మెయిల్ సర్వర్ డైరెక్టరీలో ఇంకా ఎందుకు కనిపిస్తోంది?

ప్రశ్న: మాది విజయవాడలో మూడు వందల మంది పనిచేసే కంపెనీ. మెయిల్‌కి సొంత ఎక్స్ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్) ఉంది. నేను చేరకముందు పాత ఎక్స్ఛేంజ్ 2013 నుంచి మెయిల్‌బాక్సులన్నీ 2019కి మార్చి, పాత వర్చువల్ మెషిన్‌ని ఆఫ్ చేసి, కొన్నాళ్లకు డిలీట్ చేసేశారట. కానీ సర్వర్ల లిస్టులో అది ఇంకా కనిపిస్తోంది. కొందరికి ఔట్‌లుక్ తెరవగానే ఆ పేరుతో సర్టిఫికెట్ వార్నింగ్ వస్తోంది. 2019కి సీయూ15 (క్యుములేటివ్ అప్‌డేట్ 15) వేద్దామంటే, 2013 సర్వర్ ఉందని సెటప్ ఆగిపోతోంది. ఏడీఎస్ఐ ఎడిట్‌లో (డైరెక్టరీ ఎంట్రీలను నేరుగా మార్చే టూల్) ఆ పేరు డిలీట్ చేసేయమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. చేయొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

- ఒక సిస్టమ్ అడ్మిన్, విజయవాడ

జవాబు: ఇప్పుడే చేయకండి. మీ ముందువాళ్లు మెషిన్‌ని తీశారు గానీ ఎక్స్ఛేంజ్‌ని తీయలేదు. ఎక్స్ఛేంజ్ తన సెట్టింగులు చాలావరకు యాక్టివ్ డైరెక్టరీలోని (కంపెనీ యూజర్లు, కంప్యూటర్ల వివరాలు ఉండే విండోస్ డైరెక్టరీ) కాన్ఫిగరేషన్ భాగంలో రాసుకుంటుంది. ఏ సర్వర్ ఉంది, దాని మీద ఏ డేటాబేసులున్నాయి, ఔట్‌లుక్ ఏ అడ్రస్‌కి వెళ్లి అడగాలి, అన్నీ అక్కడే. వాటిని తుడిచే పని అన్‌ఇన్‌స్టాల్‌ది. అది జరగలేదు కాబట్టి డైరెక్టరీ లెక్కలో ఆ సర్వర్ ఇంకా పనిచేస్తూనే ఉంది.

ముందు వార్నింగ్ సంగతి చూడండి, యూజర్లు ఫోన్లు చేసేది దాని గురించే కదా. డొమైన్‌లో ఉన్న ఔట్‌లుక్ మొదట డైరెక్టరీలో ఆటోడిస్కవర్ ఎంట్రీల (ఏ సర్వర్‌ని అడగాలో ఔట్‌లుక్‌కి చెప్పేవి) కోసం చూస్తుంది, పాత సర్వర్‌ది కూడా అందులో దొరుకుతుంది. బహుశా డీఎన్ఎస్‌లో పాత పేరు అలాగే ఉండి, ఆ ఐపీని తర్వాత ఇంకో మెషిన్‌కి ఇచ్చి ఉంటారు, అందుకే ఎవరిదో సర్టిఫికెట్ చూపిస్తోంది. 2019 సర్వర్‌లోని ఎక్స్ఛేంజ్ షెల్ (కమాండ్లు టైప్ చేసే విండో) నుంచి సెట్-క్లయింట్‌యాక్సెస్‌సర్వీస్ కమాండ్‌తో పాత సర్వర్ ఆటోడిస్కవర్ ఇంటర్నల్ యూఆర్ఐని ఖాళీ చేయండి. పాత విలువ రాసి పెట్టుకుంటే మళ్లీ ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

ఇక సర్వర్‌ని తీయడం. సరైన దారి కొంచెం వింతగా అనిపిస్తుంది: తీయాలంటే ముందు దాన్ని బతికించాలి. పాతదాంట్లో ఉన్న విండోస్ వెర్షన్‌తోనే ఒక కొత్త మెషిన్ కట్టండి. డైరెక్టరీలో పాత కంప్యూటర్ అకౌంట్‌ని డిలీట్ చేయకుండా రీసెట్ చేసి, కొత్త మెషిన్‌కి అదే పేరు పెట్టి డొమైన్‌లో చేర్చండి. తర్వాత 2013 సెటప్‌ని రికవర్‌సర్వర్ మోడ్‌లో నడిపితే, డైరెక్టరీలో ఉన్న వివరాలు చదువుకుని ఆ సర్వర్‌ని తిరిగి నిలబెడుతుంది. అప్పుడు కంట్రోల్ ప్యానెల్ నుంచి మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఒక రోజు పోతుంది, పోనీయండి. ఆ పాత సర్వర్ డీఏజీలో (డేటాబేస్ కాపీలు పంచుకునే సర్వర్ల గుంపు) ఉండి ఉంటే మాత్రం, రికవరీకి ముందే అందులోంచి తీయాలి.

అన్‌ఇన్‌స్టాల్ చాలామందికి ఒకచోట ఆగిపోతుంది, డేటాబేస్‌లో ఇంకా మెయిల్‌బాక్సులున్నాయని. మామూలు లిస్టులో ఒక్కటీ కనపడదు, ఎందుకంటే అవి ఎక్కువగా ఎక్స్ఛేంజ్ తన అవసరాలకు పెట్టుకునే సిస్టమ్ మెయిల్‌బాక్సులు. గెట్-మెయిల్‌బాక్స్ కమాండ్‌కి ఆర్బిట్రేషన్, ఆడిట్‌లాగ్, పబ్లిక్‌ఫోల్డర్, ఆర్కైవ్ అనే స్విచ్‌లు ఒక్కొక్కటిగా పెట్టి వెతకండి. మీ పాత డేటాబేస్ ఫైళ్లే లేవు కాబట్టి మామూలుగా మూవ్ చేయడం కుదరదు. ఆర్బిట్రేషన్ వాటిని సెట్-మెయిల్‌బాక్స్‌తో కొత్త డేటాబేస్ వైపు తిప్పవచ్చు, లోపలి డేటా మాత్రం రాదు. సెండ్ కనెక్టర్లలో (మెయిల్ బయటకు పంపే సెట్టింగులు) సోర్స్ సర్వర్‌గా పాత పేరుంటే అదీ మార్చండి.

ఏడీఎస్ఐ ఎడిట్ ఆఖరి దారి. 2013 సెటప్ ఫైళ్లు ఎక్కడా దొరక్కపోతేనో, రికవరీ ఎన్నిసార్లు చేసినా విఫలమైతేనో తప్ప దాని జోలికి వెళ్లకండి. మైక్రోసాఫ్ట్ దాన్ని సపోర్ట్ చేయదు. కాన్ఫిగరేషన్ భాగం ఫారెస్ట్‌లోని (మొత్తం యాక్టివ్ డైరెక్టరీ) ప్రతి డొమైన్ కంట్రోలర్‌కీ (డైరెక్టరీని నడిపే సర్వర్) కాపీ అవుతుంది, కాబట్టి ఆ ఒక్క సర్వర్ బదులు పైనున్న సర్వర్స్ కంటైనర్‌ని చెరిపితే పనిచేస్తున్న 2019 కూడా పోతుంది, ఆ తప్పు అన్నిచోట్లకీ పాకుతుంది. తప్పక చేయాల్సి వస్తే డొమైన్ కంట్రోలర్ సిస్టమ్ స్టేట్ బ్యాకప్ తీసుకోండి, ఏడీ రీసైకిల్ బిన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి (అది దానంతట అది ఆన్‌లో ఉండదు). అడ్మినిస్ట్రేటివ్ గ్రూప్ లోపల సర్వర్స్ కింద ఆ ఒక్క పేరే తీయండి, పాత డేటాబేసుల ఎంట్రీలు విడిగా ఉంటాయి.

ఏ దారిలో తీసినా చివర్లో డీఎన్ఎస్ రికార్డు, కంప్యూటర్ అకౌంట్ మిగులుతాయి, అవీ తీసేయండి. స్కానర్లు, జీతం స్లిప్పులు పంపే అప్లికేషన్లు పాత ఐపీకే మెయిల్ పంపుతున్నాయేమో కూడా అడగండి.

ప్రశ్న: మా మెయిల్‌బాక్సులన్నీ క్లౌడ్‌కి వెళ్లిపోయాయి, మా డైరెక్టరీలోని యూజర్ల వివరాలను క్లౌడ్‌కి పంపే డైరెక్టరీ సింక్ నడుస్తోంది. మిగిలిన ఒక్క ఎక్స్ఛేంజ్‌ని కూడా ఇలాగే అన్‌ఇన్‌స్టాల్ చేయాలా?

- మరో పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వద్దమ్మా, మీ విషయంలో సలహా పూర్తిగా తిరగబడుతుంది. సింక్ ఉన్నంతకాలం యూజర్ల మెయిల్ వివరాలు సాధారణంగా మీ డైరెక్టరీలోనే మార్చాలి. ఆఖరి సర్వర్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఆ నిర్వహణకు కావాల్సినవి కూడా పోతాయి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఎక్స్ఛేంజ్ 2019 సీయూ12 నుంచి మేనేజ్‌మెంట్ టూల్స్ మాత్రమే ఒక మెషిన్‌లో పెట్టుకుని, సర్వర్‌ని ఆఫ్ చేసి వదిలేయవచ్చు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే క్లీనప్ స్క్రిప్టు ఒకటుంది, కానీ దాన్ని నడిపాక వెనక్కి రావడం ఉండదు. కాబట్టి కొన్ని వారాలు సర్వర్ ఆఫ్‌లో ఉంచి, కొత్త యూజర్లని చేర్చడం, అడ్రసులు మార్చడం అన్నీ టూల్స్‌తో సవ్యంగా జరుగుతున్నాయని చూసుకున్నాకే నడపండి.