క్లచ్ గొడవ లేని స్పోర్ట్ క్వాడ్: ఇద్దరికీ ఒకటే చాలు

తమ్ముడూ, పొదలకూరు దగ్గర నిమ్మతోటలో తిరగడానికి ఒకే క్వాడ్ (నాలుగు లావు చక్రాల తోట బండి) కావాలి, నీకు గేర్ల సరదా ఉండాలి, స్కూటీ తప్ప నడపని మరదలికి క్లచ్ బాధ ఉండకూడదు. అంతేకదా?

గేర్లే లేని సీవీటీ బండి తీసుకుంటే ఆమెకు హాయి, నీకు నెలకే విసుగు. మాన్యువల్ క్లచ్ తెస్తే ఆమె రెండోసారి ఎక్కదు. నా ఓటు హోండా టీఆర్ఎక్స్ 250ఎక్స్‌కు. 229 సీసీ, ముందుకు 5 గేర్లు, రివర్సు కూడా ఉంది. దాని స్పోర్ట్‌క్లచ్‌లోనే కిటుకంతా: లివరు నొక్కి మార్చినా సరే, ముట్టుకోకుండా కాలితో గేరు వేసినా సరే. బండి ఆగినా ఇంజిన్ ఆరిపోదు. క్లచ్ లివరు లేకుండా కాలితోనే గేర్లు మార్చే పాత హీరో హోండా స్ట్రీట్ నడిపినవాళ్లకు ఈ సుఖం తెలుసు. అయితే కొత్తది ఇక్కడి షోరూముల్లో నాకు కనిపించలేదు. పాతది దొరికితే స్పేర్ల సంగతి ముందే తేల్చుకో.

మా ఇంటావిడ మొదటిరోజు చేసిన పొరపాటు చెబుతాను. మలుపులో భయపడి, స్కూటీ అలవాటుకొద్దీ కాలు కింద పెట్టింది. వెనక చక్రం చెప్పు అంచును లాక్కుపోయింది. కాలు దక్కడం అదృష్టం. బూట్లు లేకుండా ఎక్కనివ్వకు. త్రాటిల్ (వేగం పెంచే లివరు) దగ్గర వేగాన్ని కట్టడి చేసే స్క్రూ ఉంటే, నేర్చుకునే వారం వేగం తగ్గించే ఉంచు.

ఇది ఒక్కరు కూర్చునే బండి, వెనక ఎక్కించుకోవద్దు. రోడ్డెక్కించే ఆలోచనా వద్దు. నిమ్మముళ్లకు పంక్చర్ కిట్ మాత్రం సీటు కిందే ఉండాలి.